నోవహూ నేనే, పేతురూ నేనే

నేను ఒక అట్టబొమ్మను. జానెడు పొడవు, తెల్లటి గడ్డం, గోధుమరంగు అంగీ, చేతిలో కర్ర. వీపున ఉప్పుకాగితం ముక్క ఒకటి అంటించి ఉంటుంది. ఉన్నిగుడ్డ మీద పెడితే జారిపోకుండా నిలబడేది దాని గరుకువల్లే.

నాతోపాటు చాలామందిని అచ్చువేశారు. రాజులు, జాలరులు, గొర్రెలు. అందరం ఒకే కవరులో రేపల్లె వైపున్న ఒక చర్చికి చేరి, సండే స్కూల్లో కొన్నేళ్ళు కథలయ్యాం. ఆ తర్వాత చర్చిలోకి టీవీ వచ్చింది. మమ్మల్ని భక్తిగా దులిపి, జాగ్రత్తగా అటకెక్కించి, చెదలకు వదిలేశారు. చెదలకు రాజన్నా జాలరి అన్నా ఒకటే. చివరికి నేనూ, రెండు గొర్రెలూ, ఉన్నిగుడ్డా మిగిలాం. చర్చి శుభ్రం చేసిన రోజున కెజియా మమ్మల్ని అడిగి తెచ్చుకుంది.

కెజియా ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. ఇద్దరు ఆడపిల్లల తల్లి. బైబిలు చదివి వినిపించబోతే పెద్ద మాటల దగ్గర ఆగిపోయేది, పిల్లలు ఆవలించేవాళ్ళు. అందుకని చదవడం మాని చెప్పడం మొదలెట్టింది. సాయంత్రం అన్నం వార్చి, గోడకు గుడ్డ తగిలించి, నన్ను నిలబెట్టేది. ఒకరోజు నేను నోవహుని. మర్నాడు మోషేని. ఆ మర్నాడు పేతురుని. ఉన్నది ఒక్కణ్ణే గనక ఎవరు కావలిస్తే వాళ్ళనయ్యేవాణ్ణి. ఎవరి కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. అయినా చెప్పినంతసేపూ గుమ్మం వైపే చూస్తుండేది, ఎవరో వచ్చి తప్పు పడతారన్నట్టు.

వచ్చింది ఆడబిడ్డ సుగుణ. పట్నంలో హాస్టలున్న మిషన్ బడిలో టీచరు. పెద్దపిల్ల తబితను తన హాస్టల్లో వేయమని తమ్ముణ్ణి చాలాకాలంగా పోరుతోంది. “బైబిలు ఇంట్లో నేనే చెప్పుకుంటాను వదినా” అంటూ కెజియా ఆపుతూ వచ్చింది. ఆ ఆదివారం ఆరాధనయ్యాక సుగుణ భోజనానికి కూచుని తబితను పిలిచింది.

“ఏదీ, మీ అమ్మ ఏం నేర్పిందో చూద్దాం. నోవహు ఎవరే?”

తబిత పరుగెత్తి నన్ను తెచ్చింది. “ఈయన!”

“మోషే?”

మళ్ళీ నన్నే ఎత్తి చూపింది.

“మరి పేతురో?”

“ఈయనే అత్తా. రోజుకో పని చేస్తాడు. మొన్న ఓడ కట్టాడు, నిన్న వలేశాడు. పాపం, ఖాళీ ఉండదు.”

తండ్రి దైవసహాయం పొలమారేటట్టు నవ్వాడు. సుగుణ నవ్వలేదు.

“విన్నావంట్రా? నీ పెళ్ళాం బడి ఇదీ! ఇట్టాగే వదిలేస్తే రేపు యేసయ్య ఎవరే అన్నా ఈ బొమ్మనే పట్టుకొస్తది.”

“తీసుకెళ్ళక్కా,” అన్నాడు అతను, చెయ్యి కడుక్కుంటూ.

కెజియా గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ‘బొమ్మ ఒక్కటే ఉంది వదినా’ అంటే సరిపోయేది. పెదవులు కదిలాయి కూడా.

“పెరుగు వెయ్యనా వదినా?” అంది.

జూన్‌లో తబిత వెళ్ళిపోయింది. పెట్టె సర్దేటప్పుడు కెజియా ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. చిన్నపిల్ల షారోనును ఎదురుగా కూచోబెట్టి నన్ను గుడ్డ మీద నిలబెట్టేది. కాసేపు చూసి, ఏమీ చెప్పకుండానే తీసేసేది. ఆ రోజుల్లో నేను ఎవరినీ కాను.

క్రిస్మస్ సెలవులకు తబిత వచ్చింది. మాట నెమ్మదించింది. కెజియా పెందలాడే వంట ముగించి, గుడ్డ తగిలించి, నన్ను పెట్టి, “నోవహు ఉన్నాడు గదా…” అని మొదలెట్టింది.

“ఈయన నోవహు కాదమ్మా,” అంది తబిత, మర్యాదగానే. “నోవహు వేరే ఉంటాడు. మా బడిలో ఉన్నాడు.”

“అవును,” అంది కెజియా. నన్ను తీసి బియ్యం డబ్బా కింద పెట్టింది.

అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. చీకటే గానీ చెమ్మ లేదు. బరువు అలవాటైపోయింది. బయట తబిత చెల్లెలికి కథ చెబుతోంది. పేర్లన్నీ సరిగ్గానే చెబుతోంది.

“అమ్మా, నువ్వూ వచ్చి కూచో.”

చాప మీద ఇంకొకరు కూచున్న చప్పుడు.

“చేతులు కట్టుకోమ్మా.”

గాజులు ఒకసారి గలగలమని ఆగిపోయాయి.