నాలుగొందల పన్నెండుకు ఏడో రోజు

మారెన్ రెండు అరచేతులూ తల్లి పంది నడుము మీద ఆనించి తన బరువంతా మోపింది. కమ్మీల అవతల ముసలి మగపంది నోట నురగలు కారుస్తూ నిలబడి ఉంది. ఎదకు వచ్చిన పందైతే చెవులు నిక్కబొడుచుకుని రాయిలా నిలిచిపోవాలి. చెవి బిళ్ల మీద నాలుగొందల పన్నెండు అని ఉన్న ఈ పంది మాత్రం చిరాగ్గా పక్కకు తప్పుకుంది.

పిల్లల చేత పాలు మాన్పించి ఇది ఏడో రోజు. కుడవడం ఆగగానే తల్లి మెదడు నుంచి అండాశయాలకు కబురు వెళ్లాలి, నాలుగైదు రోజుల్లో ఎద రావాలి. పాల కోసం కండా కొవ్వూ కరిగిపోయిన ఒంట్లో ఆ హార్మోన్లు ఒక పట్టాన మేలుకోవు. దీని వెన్నెముక చేతికి గుచ్చుకుంటోంది. పద్నాలుగు పిల్లలకు తోడు, తల్లి చనిపోయిన మరో మూడింటిని దీని పొదుగుకు చేర్చింది మారెనే. ఎవరూ చేర్చమనలేదు.

ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రతి గురువారం తల్లుల్నీ పిల్లల్నీ విడదీయడం ఆమె పని. పద్నాలుగో ఏట ఆమెను పరాయి పొలంలో పనికి పంపిన రోజున వాళ్లమ్మ గడప దాటి రాలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

యజమాని తోర్కిల్ రంగు డబ్బా పట్టుకుని వచ్చాడు. "ఏమంటోంది నీ చుట్టం?"

"ఇంకొక్క రోజు చూద్దాం."

"నిన్నా ఇదే అన్నావు. ఎన్నిసార్లు పెళ్లిచూపులు పెడతావు దానికి?"

"తప్పు నాది, తోర్కిల్. మూడు పిల్లల్ని ఎక్కువ వేశాను."

"తెలుసు. నేనేమన్నా అన్నానా? పదింటికి కబేళా లారీ వస్తుంది." పంది వీపు మీద నీలం గీత గీసి వెళ్లిపోయాడు.

పదింటికి జట్లాండ్ వాన రేకుల మీద మోగుతోంది. కొట్టం చివర నేల మీద ఎర్రగీత ఉంది. అది దాటిన పంది మళ్లీ లోపలికి రాకూడదు. లారీ ఎన్ని పొలాల రోగాలు మోసుకొస్తుందో ఎవరికి తెలుసు? నాలుగొందల పన్నెండు బుద్ధిగా గీత దాటింది, లారీకి ఏటవాలుగా ఆనించిన చెక్క ఎక్కింది. తొందరపెట్టడానికి డ్రైవర్ ఎగోన్ దాని నడుము మీద చెయ్యి వేశాడు.

పంది ఆగిపోయింది.

"కదులు తల్లీ. మొండికేసిందేంటిది?"

దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఇంకాస్త నొక్కు, ఎగోన్," అంది మారెన్.

అతను నొక్కాడు. పంది కాళ్లు సన్నగా వణుకుతున్నాయి గాని అంగుళం కదల్లేదు. కొత్త చోటూ కొత్త వాసనలూ తగిలితే ఒక్కోసారి ఒళ్లు ఇలాగే మేలుకుంటుంది. ఇన్నేళ్లలో ఆమె రెండుసార్లు చూసింది.

ఆమె గీత ఇవతల నిలబడ్డ తోర్కిల్ వైపు చూసింది. అతను నేల మీది ఎర్రగీత వైపు చూశాడు.

"లోపల ఎనిమిది వందల పందులున్నాయి, మారెన్," అన్నాడు మెల్లగా.

ఎగోన్‌కు ఏమీ అర్థం కాలేదు. "తోసెయ్యనా?"

"వద్దు," అంది మారెన్. "చెయ్యి తియ్యి. అదే నడుస్తుంది."

అతను చెయ్యి తీశాడు. పంది ఒక్కసారి ఊపిరి వదిలి, పైకి నడిచి, చీకట్లో మిగతావాటితో కలిసిపోయింది.

ఆలస్యంగా ఎదకు వచ్చిన మరో ఐదు పందులకు మారెన్ ఆ మధ్యాహ్నం వీర్యం ఎక్కించింది. చేతులు కడుక్కుని, ఎప్పటికంటే ముందే సైకిలెక్కి వెళ్లిపోయింది. పదిహేడు డిగ్రీల పెట్టెలో, ఆమె ఎవరికీ చెప్పకుండా తెప్పించిన ఆరో వీర్యం సీసా పక్కకు ఒరిగి ఉంది.