ఎర్ర పీలిక కట్టిన కాయ

కార్తీకంలో అక్క పైడమ్మ పోయాక, వెంకటదుర్గ ఆ ఇంటి నుంచి తెచ్చుకున్నది ఒక్క పిడక. బీర గింజల్ని పేడలో అదిమి, పిడక చేసి గోడకు కొట్టి దాచడం పైడమ్మ అలవాటు. పిడక విరిస్తే అయిదు గింజలు రాలాయి. కొల్లేటి గట్టునున్న తన పెరట్లో మాఘంలో పెడితే రెండే మొలిచాయి. అందులో ఒకదాన్ని కొల్లేట్లోంచి వచ్చిన బొల్లికోడి అనే నీటిపక్షి మొదలంటా పీకేసింది.

మిగిలింది పందిరెక్కింది. తొలి కాయ వేలెడంత ఉండగానే, వెంకటదుర్గ ఎప్పుడో అక్క ఇచ్చిన పాత చీర చింపి ఎర్ర పీలిక కట్టింది. పీలిక కట్టిన కాయ విత్తనానికే. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టరు.

తాడేపల్లిగూడెం నుంచి అక్క కూతురు రమ్యశ్రీ రోజు విడిచి రోజు ఫోను.

"పిన్నీ, అమ్మ బీర గింజలు నాకూ కావాలి. డాబా మీద బకెట్లలో మట్టి కూడా నింపేశాను."

"కాయ ఎండనివ్వవే తల్లీ! అంత తొందరైతే నువ్వే వచ్చి విసనకర్రతో విసురు."

కానీ బొల్లికోళ్ళు మళ్ళీ వస్తాయని వెంకటదుర్గకు ఒకటే బెంగ. భర్త అంకయ్యది చేపల చెరువు మీద పని.

"ఏవండీ, పాత వలేదైనా ఉంటే తెచ్చి పందిరి చుట్టూ కట్టరూ?"

"ముప్పై ఏళ్ళ నుంచి వలేస్తున్నాను, బీరకాయని పట్టడం మాత్రం ఇదే మొదలు," అని నవ్వుతూనే కట్టాడు.

వల నేలదాకా దింపి, అంచు లేవకుండా ఇటుకలు పెట్టించింది. బొల్లికోళ్ళు గట్టు మీదే ఆగిపోయాయి.

పది రోజులకి వలలో జెర్రిపోతు కనిపించింది. ఏళ్ళ తరబడి కట్టెల మోపు కింద ఉంటున్నదే. గింజుకున్నకొద్దీ దారాలు బిగిసి, ఒళ్ళు కోసుకుపోయి, ఎండకి చచ్చిపోయింది. పైడమ్మ వచ్చినప్పుడల్లా, "దాని జోలికి పోకే, ఎలకలమందు కొనే పని లేదు నీకు," అనేది. వెంకటదుర్గ కత్తెరతో ఒక్కొక్క దారమే తెంపి, పాముని దొడ్డి మూల పూడ్చింది.

"వల తీసెయ్యనా?" అన్నాడు అంకయ్య.

ఆమె కాయ వంక చూసింది. అప్పుడప్పుడే పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతోంది.

"ఇంకో నాలుగు రోజులుండనివ్వండి. కాయ కొయ్యగానే తీసేద్దురుగాని."

వారం తిరిగాక ఒక సాయంత్రం ఊపి చూస్తే గింజలు గలగలమన్నాయి. తొడిమ ఇంకా కాస్త పచ్చిగా ఉందని, రేపు కోద్దామని వదిలేసింది.

తెల్లారి చూస్తే కాయ పక్కన కంత. కింద పీచు, ఒలిచిన నల్ల తొక్కలు. కట్టెల మోపులోంచి ఎలక ఒకటి తొంగి చూసి లోపలికి పోయింది. వెంకటదుర్గ పందిరి కింద మట్టంతా జల్లెడ పట్టింది. రెండు గింజలు దొరికాయి. గోటితో నొక్కితే రెండూ తాలే. మిగతా కాయలన్నీ లేతగానే కూరకి కోసేశారు, తీగ కూడా వడిలిపోయింది.

ఆదివారం రమ్యశ్రీ చిన్న స్టీలు డబ్బా పట్టుకుని బస్సు దిగింది. వెంకటదుర్గ మంచినీళ్ళయినా ఇవ్వకుండా పందిరి దగ్గరికి తీసుకెళ్ళింది.

"వల నేనే కట్టించానే. అందులో పడి జెర్రిపోతు చచ్చాక బాబాయి తీసేస్తానన్నా నేనే వద్దన్నాను. ఎలకలు తినేశాయి."

రమ్యశ్రీ కాయ కంతలో వేలు పెట్టి చూసింది. తర్వాత పిన్ని భుజం మీద చెయ్యి వేసింది.

"పోన్లే పిన్నీ. గూడెంలో ప్యాకెట్లు దొరుకుతాయిగా."

"దొరుకుతాయమ్మా," అంది వెంకటదుర్గ.

వెళ్ళేముందు రమ్యశ్రీ ఆ ఎర్ర పీలిక అడిగింది. వెంకటదుర్గ ముడి విప్పబోయింది. రాలేదు. తొడిమతో సహా కోసి డబ్బాలో పెట్టింది.