రొట్టె పళ్లెం పట్టే చెయ్యి

ఫ్రాన్సిస్ ఉపవాసం విడిచే రాగిజావ గోరువెచ్చగా ఉండాలి. వేడెక్కువైతే నాలుక కాలిందని అరుస్తాడు. చల్లారితే "రోజంతా కడుపు మాడ్చుకున్నోడికి పెట్టేది ఇదా?" అని గ్లాసు విసిరేస్తాడు. ఆయన భార్య జయమణి జావలో వేలు ముంచి చూసింది. వేడి సరిగ్గా తెలియక మళ్లీ ముంచింది.

ఈస్టరుకు ముందు వచ్చే ఈ శ్రమల దినాల్లో ఉపవాసం ఆయనది, చాకిరీ ఆమెది. పొద్దున్నే ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, అత్తగారు ఆదెమ్మకు వండిపెట్టి, జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ బట్టల కొట్టుకు వెళ్లాలి. ఈ నలభై రోజులూ వాళ్ల చర్చి సంఘంలో ఆడవాళ్లు తెల్లచీరే కట్టాలి, గాజులు తీసెయ్యాలి, పూలు పెట్టకూడదు. కొట్టు యజమానికి అది గిట్టదు. "బోణీ వేళ ఆ చీరేంటమ్మా, ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. వెనక్కెళ్లి చీరలు మడతపెట్టుకో" అన్నాడు మొదటిరోజే. ఇంట్లో తెల్లచీర కట్టకపోతే పాపం, కొట్లో కడితే అపశకునం. ఆమె చీర గురించి అందరికీ ఒక అభిప్రాయముంది, ఆమెకు తప్ప. పొడుగు చేతుల జాకెట్టు మాత్రం ఆమె సొంతంగా కుట్టించుకున్నది. గాజుల్లేని మణికట్టు మీద కమిలిన మచ్చ ఎవరి కంటా పడకూడదని.

మామూలు రోజుల్లో ఎప్పుడో గాని లేవని ఫ్రాన్సిస్ చెయ్యి, ఆకలి మీద ఊరికూరికే లేస్తుంది. ఒకసారి అత్తగారితో చెప్పుకుంది. "ఉపవాసంలో ఉన్న మగోడికి ఎదురుచెప్తే దేవుడికి ఎదురుచెప్పినట్టేనే. ఈ నలభై రోజులూ ఓర్చుకో" అంది ఆదెమ్మ. మిగతా రోజుల సంగతి ఆవిడ చెప్పలేదు, జయమణి అడగలేదు.

ఇవాళ్టి భయం వేరు. గుడ్‌ఫ్రైడేకి ముందురోజు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర, యేసు ఆఖరి విందుకు గుర్తుగా, రొట్టె పళ్లెం పట్టుకుని అందరికీ పంచేది సంఘపెద్ద ఫ్రాన్సిసే. అంతకుముందు సంఘపెద్ద ఇంట్లో ప్రార్థనకూడిక పెట్టి, పాస్టరయ్యగారు అందరి ముందూ సంఘపెద్ద భార్యను ఒక్క మాట అడుగుతారు, "మీ ఆయన ఇంట్లో పరిశుద్ధంగా నడుచుకుంటున్నాడా?" అని. భార్య అవునంటేనే ఆ చేతికి పళ్లెం. ఎవరో పాతకాలం పెద్దలు పెట్టిన పద్ధతి. ఈ సాయంత్రమే ఆ కూడిక. ఏటా జయమణి "నడుచుకుంటున్నాడయ్యా" అంటుంది, అందరూ "ఆమెన్" అంటారు, ఆమె టీ పెట్టడానికి వెళ్తుంది.

అబద్ధమాడి ఆ రొట్టె తింటే శిక్ష తిన్నట్టేనని చిన్నప్పుడు విన్నమాట ఆమె ఇంకా మరిచిపోలేదు. నిజం చెబితే మాత్రం? కూడిక అయిపోతుంది, చాపలు చుట్టేస్తారు, అందరూ చెప్పులేసుకుని వెళ్లిపోతారు, ఆ తర్వాత తలుపు వేసేది ఫ్రాన్సిసే. దేవుడికి భయపడమని చిన్నప్పట్నుంచీ ఎందరో చెప్పారు. మొగుడికి భయపడీ భయపడీ దేవుడికి భయపడే ఓపిక కూడా మిగల్లేదు ఆమెకు. పరిశుద్ధంగా ఉండటమంటే లోకంలో కలవకుండా ప్రత్యేకంగా ఉండటమని అయ్యగారు రోజూ చెబుతున్నారు. చీరలతో, గాజులతో, ఆకలితో అందరూ ప్రత్యేకమైపోయారు సరే. ఎవరూ ఎవరికీ భయపడని ఇల్లొకటి ఉంటే, అది కాదా ప్రత్యేకం అనిపించింది జయమణికి. అలా అనిపించినందుకు కూడా భయమేసి, గబగబా జావ గ్లాసులో పోసింది.

ఫ్రాన్సిస్ తాగి మీసం తుడుచుకున్నాడు. "అయ్యగారు అడిగినప్పుడు గొణగమాక. పోయినేడు వెనకోళ్లకి వినపళ్ళా. గట్టిగా చెప్పు" అన్నాడు.

చీకటి పడకముందే ఇల్లు నిండిపోయింది. పాటలయ్యాయి, బైబిలు వాక్యం చదవటమైంది. "అమ్మా జయమణీ, మీ ఆయన ఇంట్లో పరిశుద్ధంగా నడుచుకుంటున్నాడా?" అడిగారు అయ్యగారు.

లేచి నిలబడింది. ఫ్రాన్సిస్ ఎంతో వినయంగా తల వంచుకుని కూర్చున్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఇంతమంది ఈ చాపల మీద ఉన్నంతసేపూ ఆ చెయ్యి లేవదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

"నడుచుకోవట్లేదయ్యా" అంది. చాలా గట్టిగా వచ్చింది గొంతు. "కొడుతున్నాడు."

ఎవరూ ఆమెన్ అనలేదు. "ఒసే, నోర్ముయ్" అంది ఆదెమ్మ. ఫ్రాన్సిస్ తల ఎత్తకుండానే మెత్తగా అన్నాడు, "దానికి వొంట్లో బాగోలేదండి అయ్యగారూ. మీరు ముగింపు ప్రార్థన చేసెయ్యండి."

గుమ్మం దగ్గరున్నవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. అయ్యగారు ఫ్రాన్సిస్ వంకా జయమణి వంకా చూసి, "ప్రార్థన చేసుకుందాం" అని కళ్లు మూసుకోబోయారు.

జయమణి కూర్చోలేదు. కూర్చుంటే ఇక లేవలేనని ఆమెకు తెలుసు.

"కళ్లు మూసుకోమాకండి అయ్యగారూ. ఈ రాత్రికి నేను మీలో ఎవరింట్లో పడుకోవాలో ముందది చెప్పండి."