నోట పెట్టని వంట

పెళ్ళివంటల రత్నమాల ముందు డాక్టరమ్మ ప్రశాంతి రెండు బొమ్మలు పెట్టింది. కాకినాడ ఆస్పత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసేది ఆవిడే. మొదటి బొమ్మ స్లీవ్. పొట్టలో ముప్పావు వంతు కోసి తీసేసి, మిగిలినదాన్ని గొట్టంలా కుట్టేస్తారు. తీసేసింది మళ్ళీ పెట్టలేరు. రెండోది బైపాస్. పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి నేరుగా పేగుకు కలుపుతారు. దీనితో షుగరు బాగా అదుపులోకి వస్తుంది గానీ విటమిన్ మాత్రలు జీవితాంతం మింగాలి.

"రెండింట్లోనూ కుట్ల దగ్గర లీకవడం, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలున్నాయమ్మా. అరుదే గానీ లేవని చెప్పను. బైపాస్ అయ్యాక తీపి తింటే చాలామందికి చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్ళు తిరుగుతాయి."

తీపి మాట వినగానే రత్నమాల తేల్చేసింది. "అయితే నాకు మొదటిదే చేసెయ్యండి."

అంబాజీపేట నుంచి అంతర్వేది దాకా పెళ్ళంటే రత్నమాల వంటే. బూరెల్లో పూర్ణం, కాజాల పాకం, పాయసం, ఏదైనా నాలుక మీద వేసుకోనిదే ఆవిడ పంక్తికి పంపదు. చెంచాడే చూస్తానంటుంది. చెంచా అనేది మర్యాదకి, నిజానికి అదో చిన్న గిన్నె. ఒళ్ళు పెరిగింది, షుగరుకి పొడుచుకునే ఇన్సులిన్ పెరిగింది, మోకాళ్ళు మొరాయించాయి. పోయిన నెల ముక్తేశ్వరం పెళ్ళిలో నిలబడలేక కుర్చీ వేయించుకుంది. అది తలచుకుంటే ఆవిడకి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

"గుండెల్లో మంట ఉన్నవాళ్ళకి స్లీవ్ వద్దంటాం. మీకుందా?" డాక్టరమ్మ అడిగింది.

"అబ్బే, లేదండి."

పక్కనే ఉన్న భర్త గంగబాబు నోరు తెరిచాడు. రోజూ మంటకి సోడా తెచ్చిచ్చేది ఆయనే మరి. భార్య ఓ చూపు చూసేసరికి మూసేసుకున్నాడు. కానీ గొంతులోంచి కెమెరా దింపి చూసినప్పుడు, దాని ముందు ఆ చూపు పారలేదు. అన్నవాహిక అడుగున ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

"మీరు దాచేరు గానీ మీ పొట్ట దాచలేదు," అంది డాక్టరమ్మ. "స్లీవ్ చేస్తే ఈ మంట ఇంకా పెరగొచ్చు. మీ షుగరుకీ, దీనికీ బైపాసే నయం. ఆలోచించుకుని ఫోన్ చెయ్యండి."

తిరుగుదారిలో గంగబాబు వ్యాను నడుపుతూ గొణిగాడు. "రుచి చూడలేని వంటమనిషిని ఎవరు పిలుస్తారు రత్నం? ఏ ఆపరేషనూ వద్దు. కుర్చీలో కూర్చునే వంట చేయించు."

రత్నమాలకి భయం వేసింది. భయపడటం అలవాటు లేని మనిషి గనక అది కోపంగా బయటికొచ్చింది. "నన్ను బొమ్మలా కూర్చోబెడతారా? ఏం మాటలండీ అవి?"

ఆ ఆదివారం పి.గన్నవరంలో పెళ్ళి. పెద్ద గుండిగలు పొయ్యెక్కే ముందు దేవుడికి విడిగా ఓ చిన్న గిన్నెలో చక్రపొంగలి వండటం రత్నమాల పద్ధతి. పెళ్ళికూతురి నాయనమ్మ దానికోసం వచ్చింది.

"ఎవరూ నోట పెట్టలేదు కదమ్మా?"

"అపచారం! నైవేద్యం నోట పెడతామాండీ?" అంటూ గిన్నె అందించబోయిన రత్నమాల చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా దేవుడికి వండింది ఏనాడూ రుచి చూడలేదు. ఏనాడూ ఎవరూ వంక పెట్టలేదు. పైగా 'ప్రసాదం రుచే వేరండీ' అని లొట్టలేసేవారు. అదంతా దేవుడి మహిమ అనుకుని ఊరుకుందే గానీ, అందులో తన చేతి వాటా ఎంతో ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు.

కొంగు బిగించింది. ఆ రోజు ఏదీ నోట పెట్టలేదు. పాకం వేళ్ళ మధ్య తీగ సాగదీసి చూసింది. పోపు చిటపట విని దించింది. దప్పళం ఆవిరి గుండెల నిండా పీల్చి, బెల్లం ముక్క ఒకటి వేసింది. ఉప్పు దగ్గర మాత్రం అనుమానం వచ్చి గంగబాబుని పిలిచింది. ఆయన గరిటె నాకి, భార్య తప్పు దొరికిన ఆనందంతో "ఆయ్, తక్కువే!" అన్నాడు. ఆవిడ గుప్పెడు వేసి కలిపింది. "ఇప్పుడు?" ఆయన ఇంకో గరిటె పోయించుకున్నాడు.

పంక్తులు లేచాయి. దప్పళం గుండిగ అడుగంటా ఖాళీ అయింది. రత్నమాల గెలిచిన మొహంతో వ్యాను దగ్గరికొచ్చింది. "చూసేరా? ఇకనుంచి చెయ్యి నాది, నాలుక మీది. బైపాసే చేయించుకుంటాను."

గంగబాబు తల వంచుకున్నాడు. "రుచి సంగతి కాదు రత్నం. అది నేను ఊరికే అన్నాను. ఆ ప్రమాదాలు చెప్తుంటే నాకు భయం పట్టుకుంది. ఎలా ఉన్నా, నా కళ్ళ ముందు ఉంటావు కదాని..." మాట పూర్తి కాకుండానే కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం ఆవిడ చూడలేదు. మసి చేతులతోనే ఆయన మొహం తుడిచింది.

"నాకూ భయమేనండీ. కానీ ఇలాగే ఉంటే ఎన్నాళ్ళో ఉండను. మీ దగ్గర ఉండటానికే కోయించుకుంటున్నాను."

గంగబాబు జేబులోంచి ఫోను తీశాడు. డాక్టరమ్మ నంబరు తనే కలిపి, రత్నమాల చేతిలో పెట్టాడు.