మచ్చ లేని భుజం

బ్యూటీ పార్లరు నడిపే పార్లరక్క చెయ్యి పడిన మొహం మీద మచ్చన్నది మిగలకూడదు. అది ఆమె పంతం. అలాంటి మనిషి, పుట్టిన పిల్లకు క్షయ టీకా వేస్తే భుజాన మచ్చ ఉండిపోతుందని విని, "నలతగా ఉంది, తర్వాత వేయిస్తాం" అని నర్సుకు నచ్చజెప్పి కూతుర్ని ఇంటికి తెచ్చేసుకుంది. ఆ తర్వాత మళ్లీ ఆ ఊసే లేదు. మచ్చేదని మొగుడు అడిగితే, "నా క్రీముతో పోగొట్టాను" అంది. వెర్రిబాగులవాడు, నలుగురికీ చెప్పుకుని మురిశాడు.

అంతటితో ఊరుకుందా? తోడికోడలి కొడుకు భుజాన టీకా మచ్చ కనబడితే చాలు, "వాడికి పొడుగు చేతుల చొక్కా తొడగవే, చూడలేకపోతున్నా" అనేది. ఆ పిచ్చితల్లి నవ్వేసేది.

ఈ వానలకు పిల్లలిద్దరికీ ఒకేసారి జలుబు చేసింది. వాడు రెండ్రోజులు ముక్కు చీది, లేచి ఆటల్లో పడ్డాడు. నాలుగేళ్ల కూతురికి మాత్రం న్యుమోనియా అయింది. ఆస్పత్రి మంచం మీద డొక్కలెగరేస్తున్న పిల్లను పరీక్షించి, డాక్టరమ్మ ఎడమ భుజం చూసింది.

"టీకా మచ్చ లేదేం?"

"మా ఆవిడ క్రీముతో పోగొట్టిందండీ," అన్నాడు మొగుడు, అంత గాభరాలోనూ కాస్త గొప్పగా.

పార్లరక్కకు తల కొట్టేసినట్టయింది.

"అసలు వేయించలేదండీ. మచ్చ పడుతుందని." మొగుడి వైపు చూడలేక నేల చూసింది. "కానీ అది క్షయకి కదా. ఇది క్షయ కాదు కదా?"

"కాదు. అయినా, అది వేళకి వేయించుకున్న పిల్లలు వేరే జబ్బుల్ని కూడా కాస్త తట్టుకుంటున్నారని కొన్నిచోట్ల తేలింది. అందుకోసం వేసింది కాదు, అయినా అలా కనబడింది. అన్నిచోట్లా కాదు. వేయించుంటే మీ పాపకి ఇంత అయ్యేది కాదని నేను చెప్పలేను. అయ్యేదనీ చెప్పలేను."

నాలుగు తిట్టినా బాగుండేది. ఆ 'చెప్పలేను' ఇక తనతోనే కాపురం చేస్తుందని ఆమెకు అర్థమైంది.

మర్నాటికి పిల్ల ఊపిరి నెమ్మదించింది. సాయంత్రం తోడికోడలు కొడుకుని వెంటబెట్టుకుని పాలు తెచ్చింది. గదంతా ఉక్క. వాడికేమో మణికట్టు దాకా చొక్కా, మొహం నిండా చెమటలు.

"ఈ ఉక్కలో వాడికిదేంటే?"

"నీ దగ్గరికొస్తున్నాం కదక్కా. చూడలేవని."

పార్లరక్క వాణ్ణి దగ్గరికి తీసుకుని చొక్కా చెయ్యి మడవబోయింది. వాడే భుజం దాకా లాక్కుని చూపించాడు.

"నొప్పేం ఉండదు పెద్దమ్మా. ముట్టుకో."

ఆమె ముట్టుకోలేకపోయింది.