అందుకునే గొంతు

బూర్గంపాడు దాటాక వచ్చే కాలనీలో ఒక కమ్యూనిటీ హాలుంది. అందులో ఒక మాట అంటే రెండు వినిపిస్తాయి. పైకప్పు అంత ఎత్తున, అంత గుండ్రంగా కట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, కంటి శిబిరం పెడితే నర్సమ్మ పిలిచిన ఒక్క పేరుకు ఇద్దరు లేచేవాళ్ళు. మీటింగుల్లో ఉపన్యాసాలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. దాన్ని మాత్రం ఎవరూ నష్టంగా లెక్కపెట్టలేదు.

హాలు కమిటీ ప్రెసిడెంటు నిర్మలాదేవికి ఆ ప్రతిధ్వని అంటే ఒళ్ళుమంట. అందరి ప్రాణాలూ తోడేసి ఫాల్స్ సీలింగుకు ఒప్పించింది. సోమవారం కొత్తగూడెం నుంచి పనివాళ్ళు రావాలి. ఆదివారం మాత్రం హాలు ఆమెదే. మనవరాలు లిఖితకు ఓణీల ఫంక్షన్.

"నానమ్మా, హారతి పాట నువ్వే పాడాలె" అంది లిఖిత పొద్దున్నే.

"ఫోన్ల ఉన్నది గదా తల్లీ. పెద్ద బాక్సులు గూడ పెట్టిపిచ్చిన."

పిల్ల మొహం చిన్నబోయింది. నిర్మలాదేవి చూడనట్టు పూలబుట్ట సర్దుకుంది.

ఒకప్పుడు ఇక్కడి నుంచి పినపాక దాకా ఏ పెళ్ళయినా హారతి పాట నిర్మలాదేవి అక్కాచెల్లెళ్ళదే. చెల్లెలు నిర్మల పాదం ఎత్తుకుంటే అక్క సువర్ణ అందుకునేది. అందుకోవడంలో ఎప్పుడూ రవ్వంత ఆలస్యం. "జల్దీ అందుకో అక్కా!" అని పీటల మీది జంట ముందే కసిరేది నిర్మల. సువర్ణ పోయాక ఎవరు బతిమాలినా ఆమె నోట పాట రాలేదు. పాదం పాడి ఆగిన చోట వచ్చే నిశ్శబ్దం అంటే ఆమెకు భయం.

సరిగ్గా పళ్ళెంలో కర్పూరం వెలిగించేసరికి బయట గాలివాన లేచింది. కరెంటు పోయింది.

"జనరేటర్ వెయ్యి జోయెల్!" అని కేకేసింది.

హాలు చూసుకునే జోయెల్ తల గోక్కున్నాడు. "డీజిల్ లేదు మేడం. ఫంక్షనోళ్ళే తెచ్చుకోవాలని మీరే రూలు పెట్టిన్రు గదా."

ఈసారి ఫంక్షనోళ్ళు తామేనన్న సంగతి ప్రెసిడెంటు గారు మరిచారు. అందరూ ఘొల్లుమన్నారు. పైకప్పు ఇంకోసారి ఘొల్లుమంది. జోయెల్ డబ్బా పట్టుకుని బండెక్కాడు.

ఫోన్లో పాట పెడితే దోమ పాడినట్టుంది. పేరంటాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏళ్ళ తరబడి ఫోనే పాడుతుంటే రెండో పాదం ఎవరికి గుర్తుంటుంది? కర్పూరం కరిగిపోతోంది. లిఖిత మళ్ళీ అడగలేదు. నానమ్మ వైపు చూసింది, అంతే.

నిర్మలాదేవి గొంతు సవరించుకుంది.

"మా ఇంటి మొలకకు మంగళమమ్మా..."

పాదం అయిపోయింది. ఆ భయపడే చోటు వచ్చేసింది. ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది.

"...మంగళమమ్మా" అని పైనుంచి వచ్చింది. రవ్వంత ఆలస్యంగా.

ఆ హాలు కట్టినప్పటి నుంచీ మైకులు, బాక్సులే తప్ప ఉత్త గొంతుతో ఎవరూ పాడింది లేదు. పేరంటాళ్ళంతా తలలెత్తి పైకి చూశారు. కాఫీలు పంచేవాళ్ళు ట్రేలతో అలాగే నిలబడిపోయారు. అది తన గొంతేనని నిర్మలాదేవికి తెలుసు. ప్రెసిడెంటు గారికి ఆ మాత్రం తెలియదా! అయినా ఇన్నాళ్ళూ తిట్టిపోసిన కప్పు కింద, గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

రెండో పాదం పాడి ఆగింది. వచ్చింది. మూడోది పాడింది. అదీ వచ్చింది. ఈసారి ఆమె ఎవరినీ కసరలేదు. అందుకునేదాకా ఓపిగ్గా ఆగింది.

జోయెల్ తడిసిపోయి లోపలికొచ్చి ఆమె చెవి దగ్గర అన్నాడు, "డీజిల్ తెచ్చిన మేడం. జనరేటర్ వెయ్యమంటరా?"

"ఆగు. ఇంకో చరణమున్నది." ఆమె కూడా గుసగుసగానే అంది. "సీలింగోళ్ళకు ఫోన్ చేసి రేపు రావద్దని చెప్పు."

"అదేంది మేడం, ఎందుకు?"

ఆమె కప్పు వైపు చూసింది.

"మా అక్క అందుకుంటున్నది."