తురాయి పక్క ముల్లు

వరద తగ్గి, వంతెన మీద రాకపోకలు మొదలయ్యాక ఏవిస్ ట్రాంటర్‌కి, ఏటా పశువుల ప్రదర్శన జరిగే షోగ్రౌండ్ నుంచి ఫోనొచ్చింది. పడవలవాళ్ళు ఇళ్ళ కప్పుల మీదనుంచీ, చెట్టుకొమ్మల మీదనుంచీ దింపుకొచ్చిన కోళ్ళన్నిటినీ అక్కడి రేకుల షెడ్డులో పెట్టారట. ఫోన్ చేసిన టామ్సిన్ పశువుల ఆసుపత్రిలో నర్సు. ఆ కోళ్ళ బాధ్యత ఆమె నెత్తిన పడింది.

"మీరొక్కసారి రావాలి ఏవిస్ గారూ. ప్రతివాళ్ళూ ఫోన్ చేసి మా ఎర్రకోడి ఉందా అంటున్నారు. ఇక్కడ సగం ఎర్రవే! ఏది ఏ జాతో మీరు చెబితే ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాను."

ఏవిస్ సరేనంది. పైకి చెప్పని కారణం ఆమెకి ఇంకొకటుంది. నది పెరట్లోకి వచ్చినప్పుడు ఆమె కోళ్ళ గూళ్ళు పునాదులతో సహా లేచిపోయాయి. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి, వేరే జాతి కలవనివ్వకుండా పెంచుకొచ్చిన నల్ల ఆస్ట్రలార్ప్ జాతి కోళ్ళు అవి. ఎండ పడితే వాటి నల్లటి ఈకల మీద ఆకుపచ్చ మెరుపు పాకేది. ఒక్కటైనా ఏ కొమ్మ మీదో మిగిలి ఉండకపోతుందా అని ఆమె ఆశ.

షెడ్డులో ఆమె అడుగుపెట్టగానే ముందు కళ్ళతోనే అన్ని పంజరాలూ వెతికేసింది. లేవు. తన నల్లకోడి ఒక్కటీ లేదు. అయినా వచ్చిన పని వచ్చిన పనే కాబట్టి చేతులు కట్టుకుని నిలబడలేదు.

కొన్ని తేలికే. ఫారం నుంచి వచ్చిన గుడ్ల పెట్టలు, కాళ్ళకి ఈకలున్న బ్రహ్మాలు, దూదిపింజల్లాంటి సిల్కీలు. చిక్కంతా కలగాపులగం కోళ్ళతోనే. ఒకదాని మెడ ఒక జాతిది, తోక ఇంకో జాతిది.

"ఫోనులో ఈ జాతులు చెప్పే యాప్ చూడండి," అంది టామ్సిన్. "పొద్దున ఫొటో తీస్తే ససెక్స్ జాతి పెట్ట అంది. మధ్యాహ్నం అదే కోడిని టర్కీ కోడి అంది."

"మధ్యాహ్నానికి తిండి తిని కాస్త బలిసుంటుందిలే," అంది ఏవిస్.

చివరి పంజరంలో మూడు పెట్టలూ, ఒక పడుచు పుంజూ ఉన్నాయి. నలుపులో కలిసిన గోధుమరంగు మెడలు, అక్కడక్కడా చారలు. చూడ్డానికి ఏమంత గొప్పగా లేవు. అలవాటుగా ఒకదాన్ని చంకలో ఇరికించుకుని కాలు పైకెత్తి చూసింది. అరికాలు తన కోళ్ళకి లాగే తెల్లగా ఉంది. కన్ను కాటుకలా నల్లగా ఉంది. రెక్క విప్పితే లోపలి ఈకల మీద ఆ ఆకుపచ్చ మెరుపు కనబడింది. అప్పుడు తలమీది తురాయి చూసింది. రంపం పళ్ళలాంటి ఆ ఎర్రటి తురాయికి వెనకవైపు పక్కనుంచి చిన్న ముల్లొకటి పొడుచుకొచ్చి ఉంది.

మిగతా మూడింటినీ కూడా తీసి చూసింది. రెండింటికి అదే ముల్లు, అదే చోట.

ఆ ముల్లు ఆమెకి కొత్తది కాదు. ఆమె కోళ్ళలో రెండు మూడేళ్ళకోసారి బయటపడే దోషం అది. కోళ్ళ ప్రదర్శనలో ఆ ముల్లు కనిపిస్తే న్యాయనిర్ణేత రెండోసారి చూడడు. అందుకే అలాంటి పిల్ల కనిపించిన ప్రతిసారీ మొగుడి చేతికిచ్చి, "లిండ్సే, దీని సంగతి చూడు," అనేది. లిండ్సే దాన్ని చంపి పూడ్చడానికని పార భుజాన వేసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళేవాడు. అతను పోయి మూడేళ్ళయింది.

"ఇవెవరివి?" అంది ఏవిస్.

"నావి," అన్నాడు వెనకనుంచి జ్వోంకో. ఏవిస్ కంచెకి అవతలి చెరకుతోట అతనిదే. బురద బూట్లతో అప్పుడే వచ్చినట్టున్నాడు. "మేపుగడ్డి కొట్టం మీద దొరికాయట. నీ మహారాణుల్లాంటివి కాదులే, ఏవిస్. గుడ్లు పెట్టుకునే కూలి కోళ్ళు."

"వీటి తండ్రి ఎక్కడిది?"

జ్వోంకో టోపీ తీసి చేత్తో నలిపాడు. "ఎందుకిప్పుడు?"

"ఎక్కడిదని అడిగాను."

"లిండ్సే ఇచ్చాడు."

టామ్సిన్ నీళ్ళగిన్నెలు కడిగే మిషతో అవతలికి వెళ్ళిపోయింది.

"ఒక్కటేనా?"

"మొదట ఒక పుంజు. తర్వాత ఇంకొన్ని. అట్టపెట్టెలో పెట్టి కంచె మీంచి అందించేవాడు. నీకు చెప్పొద్దన్నాడు. ఆ పుంజుని పోయిన చలికాలం నక్క ఎత్తుకుపోయింది గానీ, మంచి మనసున్న పుంజు. పెట్టలకి పెట్టాకే తను తినేది."

ఏవిస్ బయటికి వెళ్ళి తన బండిలో కూర్చుంది. కోపం ముందొచ్చింది. పార తీసుకెళ్ళి, చేతులు కడుక్కుని వచ్చి, టీ తాగుతూ ఎదురుగా కూర్చునేవాడే! ఇన్నేళ్ళూ ఆ మొహంలో ఒక్క అబద్ధమైనా తను పట్టుకోలేకపోయింది. కోపం కాస్త దిగాక సిగ్గులాంటిదేదో మిగిలింది. ఇంట్లో తనతో చెప్పుకోలేక ఆ మనిషి కంచె దాకా నడిచాడన్నమాట.

చాలాసేపటికి ఆమె తిరిగి లోపలికొచ్చింది. జ్వోంకో పంజరం పక్కన నేలమీదే కూర్చున్నాడు.

"నా గురించి ఏమనేవాడు?"

"నువ్వు చెప్పింది కరెక్టే అనేవాడు. ఆ ముల్లు దోషమే అనేవాడు. అది నీ తప్పు కాదు ఏవిస్, ప్రదర్శనల పద్ధతే అంత. వాడికే చెయ్యి రాలేదు. ఇద్దరం కాఫీ పెట్టుకుని మోకాళ్ళ నొప్పులు చెప్పుకునేవాళ్ళం. అంతే."

"నాతో మోకాళ్ళ నొప్పి మాటే ఎత్తలేదు."

"నువ్వు డాక్టరు దగ్గరికి లాక్కెళ్తావని భయం."

ఏవిస్‌కి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. జ్వోంకో టోపీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"వీటిని ఎక్కడ పెడతావ్?" అంది ఆమె మొహం తుడుచుకుని. "నీ గూడు కూడా పోయిందిగా."

"ట్రాక్టరు షెడ్డులో."

"ట్రాక్టరు షెడ్డులో తేమకి చస్తాయి. నా గరాజు ఎత్తు మీదుంది. అక్కడ పెడదాం. దాణా నీది."

జాతి ఏమని రాయమంటారని టామ్సిన్ అడిగింది. ఏవిస్ పంజరంవైపు చూసి, "నాన్నవైపు ఆస్ట్రలార్ప్. అమ్మవైపు ఎవరికీ తెలీదు," అంది.

వసంతంలో ఒక పెట్ట పొదగడానికి కూర్చుంది. ఎక్కడో కొండ ఊరి పెంపకందారు ఆస్ట్రలార్ప్ గుడ్లు ఇస్తానన్నాడు. అయినా ఏవిస్ దానికింద దాని గుడ్లే ఉంచింది. పిల్లలు బయటికొచ్చాక తురాయిలు వచ్చేదాకా ఆగలేక, రోజూ పొద్దున్నే వెళ్ళి తలలు తడిమి చూసేది. అలవాటు అంత తేలిగ్గా పోదు. మూడింటికి ముల్లు వచ్చింది. జ్వోంకో వచ్చి, వాటిని తీసుకెళ్ళనా అని మెల్లగా అడిగాడు.

"ఎందుకూ? గరాజులో చోటుంది," అంది ఏవిస్. ఆ తర్వాత రెండు రోజులు, చోటు లేదని అతని మీదే విసుక్కుంటూ, అతనిచేతే కొత్త గూటికి చెక్కలు కోయించింది.